డిస్క్రీట్ బ్యాక్‌లాగ్ ఉంది, ఎంఎల్ ఎక్కుతుందా? సీఎస్‌ఈలో ఏ సబ్జెక్టుకు ఏది ముందు రావాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉన్న కాలేజీలో సీఎస్‌ఈ సెకండియర్ అయిపోయింది. డిస్క్రీట్ మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ ఉండిపోయింది. డేటా స్ట్రక్చర్స్ ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చదివి గట్టెక్కావు. ఎం1, అంటే మొదటి ఏడాది మ్యాథ్స్, మర్చిపోయావు. సీఓఏ (కంప్యూటర్ ఆర్గనైజేషన్ అండ్ ఆర్కిటెక్చర్) ఎందుకు పెట్టారో ఇప్పటికీ తెలీదు. ముందు అల్గారిథమ్స్, ఎంఎల్ (మెషిన్ లెర్నింగ్), కంపైలర్ డిజైన్ ఉన్నాయి. సిలబస్‌లో ప్రతి సబ్జెక్టు పైనా ప్రీరిక్విజిట్స్, అంటే ముందే వచ్చి ఉండాల్సిన సబ్జెక్టులు, అని ఒక లైను వేస్తారు కదా, అది నిజంగా పట్టించుకోవాల్సిందేనా, ఊరికే అచ్చేశారా అని నీ ప్రశ్న.

ఆరేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఉండి, తర్వాత పదమూడేళ్ళుగా ఇలాంటి కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాను కాబట్టి రెండు వైపుల నుంచీ చూసిన సంగతి చెబుతాను. ఆ లైను పట్టించుకోవాల్సిందే. కాకపోతే అందులో రాసేది సబ్జెక్టు పేరు ఒక్కటే. పై క్లాసులో నీకు కావాల్సింది ఆ సబ్జెక్టులోని ఒకటి రెండు పనులు చేత్తో చేయగలగడం. మిగతా యూనిట్లు మర్చిపోయినా కొంప మునగదు. ఆ ఒకటి రెండు రాకపోతే మాత్రం మెమోలో ఏ గ్రేడున్నా లాభం లేదు.

ముందు మన పద్ధతి ఎలా నడుస్తుందో చూడు. ఒక ఏడాది నుంచి ఇంకో ఏడాదికి పంపేటప్పుడు యూనివర్సిటీ చూసేది హాజరు, క్రెడిట్ల మొత్తం. 160 క్రెడిట్ల డిగ్రీలో ఆ ఏడాదికి కావాల్సినన్ని క్రెడిట్లు కూడితే చాలు, అవి ఏ సబ్జెక్టుల్లో కూడాయన్నది అడగరు. డేటా స్ట్రక్చర్స్ పోగొట్టుకున్నవాడు కూడా మరుసటి సెమ్‌లో డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు) క్లాసులో కూర్చుంటాడు. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో అలా కుదరదు, ముందు కోర్సు లేకపోతే రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతుంది. బర్క్‌లీ కంప్యూటర్ సైన్స్ తీసుకో: 61ఏ, 61బీ, 61సీ ఒక వరస, పక్కనే డిస్క్రీట్, ప్రాబబిలిటీ కలిపిన 70వ నంబరు కోర్సు. అల్గారిథమ్స్‌కి 61బీ (అది డేటా స్ట్రక్చర్స్), 70 రెండూ అడుగుతారు. ఆపరేటింగ్ సిస్టమ్స్‌కి ఆ రెండింటితోపాటు మన సీఓఏ లాంటి 61సీ కూడా కావాలి. మనకు ఆ గేటు లేదు. కాబట్టి గేటు దగ్గర కాపలా నువ్వే కాసుకోవాలి.

ఇంకో తిరకాసు ఉంది. జేఎన్‌టీయూ 2018, 2022 సిలబస్‌లైన ఆర్18లోనూ ఆర్22లోనూ డేటా స్ట్రక్చర్స్ రెండో ఏడాది మొదటి సెమ్‌లో వస్తే, డిస్క్రీట్ రెండో సెమ్‌లో వస్తుంది. ట్రీలు, గ్రాఫులు ముందు ప్రోగ్రాముల్లో రాసేసి, అవేమిటో తర్వాత లెక్కల్లో చదువుతారన్నమాట. ఇల్లు కట్టాక ముగ్గు పోసినట్టు. ఆర్18 సిలబస్‌లో డిస్క్రీట్ పైన ప్రీరిక్విజిట్ ఏమని రాశారో తెలుసా? లెక్కల మీద మామూలు అవగాహన ఉంటే సరిపోతుందని. నాకు చాలాకాలం ఆ వాక్యం నవ్వు తెప్పించేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు, ఎందుకో కింద చెబుతాను.

మొదట డేటా స్ట్రక్చర్స్ సంగతి, ఎందుకంటే నీ అసలు గండి అక్కడుంది, డిస్క్రీట్‌లో కాదు. పాసయ్యావు కాబట్టి అది నీ లిస్టులో లేదు, అంతే.

థర్డ్ ఇయర్ మొదటి వారంలో నేను ల్యాబ్‌లో ఒక చిన్న పరీక్ష పెడతాను. లింక్డ్ లిస్టులో (ఒక్కో నోడ్ తన తర్వాతి నోడ్‌ని చూపించే వరస) 10, 20, 30 ఉన్నాయి. 20కి, 30కి మధ్య 25 చేర్చి లిస్టంతా ప్రింట్ చేయాలి. సీలో, నోట్సు చూడకుండా. ఒక ఏడాది ఒక అబ్బాయి రన్ కొట్టగానే స్క్రీన్ మీద 10, 20, 25, 25, 25, 25 అంటూ ఆగకుండా పారింది. వాడు కంగారుపడి సిస్టమ్ హ్యాంగ్ అయింది సార్ అన్నాడు. హ్యాంగ్ కాలేదు, వాడు రాసింది రాసినట్టు చేస్తోంది. రెండు లైన్లు తిరగబడ్డాయి. ముందు కొత్త నోడ్ 30ని పట్టుకోవాలి, ఆ తర్వాతే 20 చెయ్యి 30ని వదిలి కొత్త నోడ్‌ని పట్టుకోవాలి. వాడు ముందే 20ని కొత్త నోడ్‌కి కలిపేశాడు. ఆ తర్వాత లైనులో కొత్త నోడ్‌ని 20 ఎవర్ని చూపిస్తోందో వాళ్ళకి కలపమన్నాడు. 20 అప్పటికే కొత్త నోడ్‌నే చూపిస్తోంది కదా! 25 తన చెయ్యి తానే పట్టుకుంది. 30కి దారి పోయింది.

ఆ అబ్బాయికి డేటా స్ట్రక్చర్స్‌లో మంచి గ్రేడే వచ్చింది. ఏవీఎల్ రొటేషన్లు నాలుగూ బొమ్మలతో సహా రాయగలడు. కానీ పాయింటర్ అంటే ఒక అడ్రసు అని, దాన్ని మారిస్తే పాత దారి పోతుందని చేతికి తెలీదు. ఈ ఒక్కటీ తెలియకపోతే ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ప్రాసెస్ క్యూ, కంపైలర్‌లో సింబల్ టేబుల్, అల్గారిథమ్స్‌లో గ్రాఫ్ ట్రావర్సల్ అన్నీ బొమ్మలుగానే మిగిలిపోతాయి. నువ్వు ఇవాళే ఈ 25 ప్రోగ్రాము రాసి చూడు. ఇరవై నిమిషాల్లో వస్తే డేటా స్ట్రక్చర్స్ విషయంలో నీకు ఢోకా లేదు. రాకపోతే డిస్క్రీట్ సప్లీ కన్నా ముందు కూర్చోవాల్సింది దీని మీదే.

పాయింటర్ తర్వాత రెండోది రికర్షన్, అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం. ఫాక్టోరియల్ అందరూ రాస్తారు, అది లెక్కలోకి రాదు. ఒక బైనరీ ట్రీ ఎత్తు కనుక్కునే ఫంక్షన్ రాయి. ఎడమ కొమ్మ ఎత్తు, కుడి కొమ్మ ఎత్తు, రెండింట్లో పెద్దదానికి ఒకటి కలుపు. మొత్తం నాలుగు లైన్లు. అయితే ఎడమ కొమ్మ ఎత్తు ఎవరు కనుక్కుంటారు సార్ అని అడుగుతారు పిల్లలు. అదే ఫంక్షన్ కనుక్కుంటుంది అంటే నమ్మరు. ఆ నమ్మకం ఎక్కడి నుంచి రావాలో అదే నీ బ్యాక్‌లాగ్.

ఇక డిస్క్రీట్. ఎంపీసీ చదివావు కదా, ఇంటర్ ఫస్టియర్ 1ఏ గుర్తుందా? మొదటి చాప్టర్ ఫంక్షన్స్, తెలుగు మీడియం వాళ్ళకు ప్రమేయాలు. అన్వేకం, సంగ్రస్తం అని బట్టీ పట్టేవాళ్ళం. రెండోది మ్యాథమెటికల్ ఇండక్షన్, గణితానుగమనం. ఏడు మార్కుల ప్రశ్న గ్యారంటీ అని ప్రతి లెక్చరరూ చెప్పేవాడు. 1కి చూపించు, కె దగ్గర నిజమనుకో, కె ప్లస్ 1కి చూపించు. చివర్లో కాబట్టి అన్ని సహజసంఖ్యలకూ నిజం అని రాసి కింద గీత కొట్టు. కె దగ్గర నిజమని ఎందుకు అనుకోవాలో ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు, ఏడు మార్కులూ వచ్చేశాయి.

ఆ అనుకోవడమే రికర్షన్. చిన్న ట్రీకి ఈ ఫంక్షన్ సరిగ్గా పనిచేస్తుందనుకో, అప్పుడు పెద్ద ట్రీకి కూడా చేస్తుందని చూపించు. పైన ట్రీ ఎత్తు దగ్గర పిల్లలు నమ్మనిది సరిగ్గా దీన్నే. మామూలు లెక్కల అవగాహన చాలు అన్న సిలబస్ వాక్యం చూసి నవ్వడం మానేశానన్నది ఇందుకే. డిస్క్రీట్‌కి కావాల్సిన సామానంతా ఇంటర్‌లో మన చేతికి ఇచ్చారు, దాన్ని ఎందుకు ఇచ్చారో చెప్పలేదు.

అల్గారిథమ్స్‌కి దీనితో పని ఏమిటంటావా? మెర్జ్ సార్ట్ తీసుకో. లిస్టుని సగానికి విరుస్తావు, ఒక్కో సగాన్నీ సార్ట్ చేస్తావు, కలుపుతావు. పది లక్షల అంకెల్ని ఎన్నిసార్లు సగం చేస్తే ఒక్కటి మిగులుతుంది? దాదాపు ఇరవై సార్లు. ఒక్కో అంతస్తులో పది లక్షల పని, ఇరవై అంతస్తులు, మొత్తం రెండు కోట్లు. అదే బబుల్ సార్ట్ అయితే ప్రతి అంకెనీ మిగతా వాటితో పోలుస్తూ పోతే దాదాపు 50,000 కోట్ల పోలికలు. డీఏఏలో, అంటే మన అల్గారిథమ్స్ సబ్జెక్టులో, మొదటి యూనిట్ అంతా ఇలా లెక్కపెట్టడం, ఆ లెక్క అన్ని సైజులకూ నిలుస్తుందని ఇండక్షన్‌తో చూపడం. ఈ లెక్కకు రెడీమేడ్ జవాబిచ్చే మాస్టర్ థీరం ఫార్ములా బట్టీ పడితే మార్కులొస్తాయి. ఇంటర్వ్యూలో నువ్వు రాసిన కోడ్‌కే టైమ్ కాంప్లెక్సిటీ చెప్పమంటే ఆ ఫార్ములా నోటికి రాదు.

కాబట్టి డిస్క్రీట్ బ్యాక్‌లాగ్‌తో అల్గారిథమ్స్‌లో కూర్చోవచ్చా అంటే, ఇండక్షన్, రికరెన్స్‌లు (పెద్ద సైజు లెక్కని చిన్న సైజు లెక్కతో చెప్పే సమీకరణాలు), గ్రాఫ్‌లు ఈ మూడు ముక్కలూ ముందే చూసుకుంటే కూర్చోవచ్చు. లాజిక్‌లో ఆ పొడుగాటి ట్రూత్ టేబుళ్ళ కోసం ఆగక్కర్లేదు, అవి పరీక్షకు చదివితే చాలు. క్వాంటిఫయర్లు మాత్రం వదలకు. ప్రతి ఒక్కరికీ ఒకరున్నారు అనడానికి, అందరికీ కలిపి ఒక్కరే ఉన్నారు అనడానికి తేడా పట్టుకోలేనివాళ్ళు ఫ్లాట్‌లో (ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమేటా థియరీ) పంపింగ్ లెమ్మా అనే సిద్ధాంతం దగ్గర తప్పకుండా బోల్తాపడతారు.

సీఓఏ ఎందుకన్నావు. ఆర్18లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పైన ఉండే ప్రీరిక్విజిట్లలో సీఓఏ ఒకటి. నిజంగా అవసరపడేది ఎక్కడో ఒక లెక్క చేసి చూపిస్తాను, పెన్ను తీసుకో.

అడ్రస్ 32 బిట్లు. పేజీ (మెమరీని కోసే సమాన ముక్క) సైజు 4 కేబీ, అంటే 4,096 బైట్లు, అంటే 2 పవర్ 12. పేజీ లోపల ఏ బైటో చెప్పడానికి 12 బిట్లు పోతాయి. మిగిలినవి 20 బిట్లు, అది పేజీ నంబరు. 2 పవర్ 20 అంటే 10,48,576 పేజీలు. ఏ పేజీ ఎక్కడుందో రాసుకునే పేజీ టేబుల్లో ఒక్కో పేజీకి ఒక్కో ఎంట్రీ, ఒక్కోటి 4 బైట్లనుకుంటే టేబుల్ సైజు 4 ఎంబీ. ఇది ఒక్క ప్రాసెస్‌కి. నీ ల్యాప్‌టాప్‌లో వంద ప్రాసెస్‌లు నడుస్తుంటే ఉత్త టేబుళ్ళకే 400 ఎంబీ. ఇంత వృథా ఎందుకని టేబుల్‌నే ముక్కలు చేసి, వాడని ముక్కల్ని కట్టకుండా వదిలేశారు. మల్టీలెవెల్ పేజింగ్ అని పుస్తకంలో రెండు పేజీల బొమ్మ వేసేది దీని గురించే.

ఇందులో సీఓఏ ఎంత? 2 పవర్లతో తడుముకోకుండా లెక్కచేయడం, అడ్రస్‌ని బిట్లుగా కోయడం, మెమరీ అనేది నంబర్లేసిన గదుల వరస అని కళ్ళకు కట్టడం. ఇంతే. మైక్రోప్రోగ్రామ్డ్ కంట్రోల్ మర్చిపోయావా, ఫర్వాలేదు. ఇంటరప్ట్ అంటే ఏమిటి, క్యాష్ ఎందుకుంది అన్న రెండూ మాత్రం గుర్తుండాలి. ఒక శనివారం కూర్చుంటే అయిపోతుంది.

డీబీఎంఎస్ మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. దానికి ప్రీరిక్విజిట్ డేటా స్ట్రక్చర్స్ అని వేస్తారు. ఈఆర్ డయాగ్రమ్‌లకీ ఎస్‌క్యూఎల్‌కీ డేటా స్ట్రక్చర్స్‌తో పనే లేదు, చివరి యూనిట్లో ఇండెక్సింగ్ దగ్గర ఒక్కచోట వస్తుంది. ఒక్కో నోడ్‌కి 200 కొమ్మలుంటే మూడు అంతస్తుల్లో 80 లక్షల రికార్డులు పడతాయి, అదే బైనరీ ట్రీ అయితే 23 అంతస్తులు దిగాలి, డిస్క్ మీద అన్నిసార్లు చదవడం ఖరీదు, అందుకే బీ ప్లస్ ట్రీ. అంతవరకూ సరే. నార్మలైజేషన్ (ఒకే సమాచారం పదేపదే రాకుండా టేబుళ్ళు విడగొట్టడం) దగ్గర అసలు కావాల్సింది మళ్ళీ 1ఏ మొదటి చాప్టరే. రోల్ నంబర్ తెలిస్తే పేరు తెలుస్తుంది, ఒక రోల్ నంబరుకు రెండు పేర్లుండవు. ప్రదేశంలో ప్రతి మూలకానికీ ఒకే ప్రతిబింబం. ఫంక్షనల్ డిపెండెన్సీ అన్న పేరులోనే ఫంక్షన్ ఉంది! ఇది చెప్పగానే నార్మలైజేషన్‌లో ఒక మెట్టైన బీసీఎన్ఎఫ్ దగ్గర బిక్కమొహం వేసినవాళ్ళు కూడా తేరుకోవడం చూశాను. సిలబస్ లైనులో మాత్రం ఆ మాట ఉండదు.

ఫ్లాట్, కంపైలర్ డిజైన్ కవలపిల్లలు. ఈ జంట విషయంలో సిలబస్ లైను అక్షరాలా నిజం. డీఎఫ్ఏ (అక్షరం అక్షరం చదువుతూ స్టేట్ మారే యంత్రం బొమ్మ) గీయడం రాకుండా లెక్సికల్ అనలైజర్, గ్రామర్ నుంచి స్ట్రింగ్ రాబట్టడం రాకుండా పార్సింగ్ అర్థం కావు, దొడ్డిదారి లేదు. ట్యూరింగ్ మెషిన్ యూనిట్ కంపైలర్‌కి అక్కర్లేదు, అది వేరే అందం.

కంప్యూటర్ నెట్‌వర్క్స్, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్, వెబ్ టెక్నాలజీస్ గురించి దిగులు పెట్టుకోకు. ప్రోగ్రామింగ్ వస్తే చాలు, ఎప్పుడైనా మొదలెట్టొచ్చు. సబ్‌నెట్టింగ్‌లో బిట్లు కోయడం మళ్ళీ వస్తుంది, పైన పేజింగ్ లెక్క చేసినవాడికి అది నల్లేరు మీద నడక.

ఇక అందరూ మోజుపడే ఎంఎల్. దీనికి డిస్క్రీట్ బ్యాక్‌లాగ్ పెద్ద అడ్డం కాదు. అడ్డం నువ్వు మర్చిపోయానన్న ఎం1. అందులో మాత్రికలు, ఐగెన్ వాల్యూలు, చివర్లో పార్షియల్ డెరివేటివ్‌లు ఉన్నాయి చూడు, ఎంఎల్ పునాది అక్కడే ఉంది. ఒక సరళరేఖను పాయింట్లకు దగ్గరగా అమర్చాలంటే వాలు ఒకటి, ఎత్తు ఒకటి, రెండు అంకెలు మార్చుకుంటూ పోవాలి. వాలుని కొంచెం కదిపితే తప్పు ఎంత తగ్గుతుంది, ఎత్తుని కదిపితే ఎంత తగ్గుతుంది? ఆ రెండు ప్రశ్నలకు జవాబులే రెండు పార్షియల్ డెరివేటివ్‌లు. తప్పు తగ్గే వైపు చిన్న అడుగు వేసి మళ్ళీ అడుగు. గ్రేడియెంట్ డిసెంట్ అంటే ఇదే. ఎం2లో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, వెక్టర్ ఇంటిగ్రేషన్ మర్చిపోయావా, మొదటి ఎంఎల్ కోర్సుకు వాటి అవసరం రాదు, నిశ్చింతగా ఉండు. ప్రాబబిలిటీ కోసం సీఓఎస్ఎం (కంప్యూటర్ ఓరియెంటెడ్ స్టాటిస్టికల్ మెథడ్స్) నోట్సు తీయి, దానికన్నా ముందు ఇంటర్ 2ఏలో సంభావ్యత చాప్టర్ తీయి. బేయీ సిద్ధాంతం ప్రవచించి నిరూపించండి అని ఏడు మార్కులకు రాసే ఉంటావు. నాయివ్ బేయస్ క్లాసిఫయర్ దాని మీదే నిలబడింది.

లైబ్రరీ దిగుమతి చేసుకుని నాలుగు లైన్లలో మోడల్ ట్రెయిన్ చేయడం లెక్కలు రాకపోయినా వస్తుంది, కాదనను. మోడల్ తప్పు చెప్పినప్పుడు ఏం చేయాలన్న దగ్గర దొరికిపోతావు. మా దగ్గర ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు వైవాలో ఏటా కనీసం ఒక బ్యాచ్ 98 శాతం యాక్యురసీ అని గర్వంగా చూపిస్తుంది. డేటాలో 98 శాతం ఒకే క్లాసుకు చెందినదని, కళ్ళు మూసుకుని అన్నిటికీ అదే జవాబు చెప్పినా 98 వస్తుందని ఎక్స్‌టర్నల్ అడిగేదాకా వాళ్ళకు తట్టదు.

ఇది చదివే డిప్లొమా వాళ్ళకు పనిలో పనిగా ఒక మాట. ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లోకి వచ్చినవాళ్ళకు బీటెక్ మొదటి ఏడాదిలో ఉన్న ఎం1, ప్రోగ్రామింగ్ రెండూ దాటిపోతాయి. డిప్లొమాలో సీ నేర్చుకుని ఉంటారు, కొందరైతే ఎంపీసీ పిల్లల కన్నా బాగా రాస్తారు. ఎక్కడ చిక్కుతారంటే ఇండక్షన్, పార్షియల్ డెరివేటివ్‌ల దగ్గర. కాలేజీ బ్రిడ్జ్ క్లాసులు పెడితే ఎగ్గొట్టకండి.

ఎంఎస్‌కి వెళ్ళే ఆలోచన ఉందని కూడా రాశావు. డాలస్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ లాంటి చోట్ల, మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే చోటు అది, డిగ్రీలో డిస్క్రీట్, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ సరిగా లేవనుకుంటే ముందు ఆ కోర్సులు చేయమంటారు. ఇక్కడ సప్లీ ఫీజు వందల్లో కడతావు, అక్కడ అదే సబ్జెక్టుకు డాలర్లలో కట్టాలి.

సెలవుల్లో ఏం చేయాలో చెప్పమన్నావు కాబట్టి నీ ఒక్కడికోసం చెబుతున్నాను, అందరికీ కాదు. మొదటి రెండు వారాలు సీ, లింక్డ్ లిస్టు, ట్రీలు, రోజుకు ఒక ప్రోగ్రాము, కాగితం మీద బాణాలు గీసుకుని ఆ తర్వాతే టైపు చేయి. తర్వాత మూడు వారాలు డిస్క్రీట్, ఎలాగూ సప్లీ రాయాలి. ఆల్ ఇన్ వన్ గైడు పక్కన పెట్టేసి ఇండక్షన్ నుంచి మొదలెట్టు, లాజిక్‌తో వద్దు, లాజిక్‌తో మొదలెట్టినవాళ్ళలో సగం మంది రెండో యూనిట్ చేరకముందే ఆగిపోతారు. ఆఖరి వారం ఎం1లో మాత్రికలు, ఐగెన్ వాల్యూలు, పార్షియల్ డెరివేటివ్‌లు. ఎంఎల్ వీడియోలు ఈ ఆరు వారాలూ తెరవొద్దు, తెరిస్తే మిగతావి మూతపడతాయి, నాకు తెలుసు.

ఇండక్షన్‌కి కొత్త పుస్తకం కొనకు. ఇంటికెళ్ళినప్పుడు అటక మీద చూడు, మీ అమ్మ కాటాకి వేయకపోతే నీ 1ఏ అక్కడే ఉంటుంది. రెండో చాప్టర్‌లో మొదటి మూడు లెక్కలు చేసి, కె దగ్గర ఎందుకు అనుకున్నావో ఒక్కో లెక్క కింద ఒక వాక్యం తెలుగులో రాయి. రాయలేకపోతే ఎక్కడ ఆగావో ఇక్కడే పెట్టు, చూస్తాను.